ఎడమ కంట్లో కొత్త మచ్చ

నా ఫోన్‌లో సెల్ఫీలు ఉండవు. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఫోటో తీస్తుంటే పక్కనున్న వాళ్ళ వెనక్కి జరిగే మనిషిని నేను. అలాంటిది ఇప్పుడు నా ఫోన్‌లో నా కళ్ళ లోపలి ఫోటోలు ఉన్నాయి, కుడివీ ఎడమవీ కలిపి బోలెడు. కాస్త ఖాళీ దొరికితే వాటినే చూస్తూ కూర్చుంటాను. నారింజ రంగు గుండ్రటి పళ్ళెం, అందులో ఒక పక్కగా పసుపుపచ్చగా వెలిగే చిన్న బిళ్ళ, ఆ బిళ్ళలోంచి పైకీ కిందికీ పాకే ఎర్రటి రక్తనాళాలు. నా మొహం వెనక ఇన్నేళ్ళుగా ఇది ఉందా అని ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఈ సంతోషం వల్లే గడిచిన నెలల గురించి రాయాలనిపించింది. భయం కూడా ఉంది, అది వచ్చిన చోట చెబుతాను. నాలాగా చిన్నప్పటి నుంచి షుగర్ ఉన్నవాళ్ళు, ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళు చదివితే చాలు.

జనవరి

నాకు పదేళ్ళ వయసు నుంచీ షుగర్. ఇన్సులిన్ వేసుకోవడం పళ్ళు తోముకోవడం లాంటిదే అయిపోయింది. మా ఇల్లు శాలిబండలో. బాపు బస్సుల డిపోలో మెకానిక్. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. నేను అఫ్జల్‌గంజ్‌లో ఒక కాగితాల హోల్‌సేల్ దుకాణంలో బిల్లులు కొడతాను. ఎవరితోనూ పెద్దగా మాట్లాడను. మాట్లాడాలనిపించింది డైరీలో రాసుకుంటాను, మిగిలిన సమయమంతా చదువుతాను. దుకాణం నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో పెద్ద గ్రంథాలయం ఉండడం నా అదృష్టం. చూపు పోతుందేమో అనుకున్న రోజు నాకు మనుషుల మొహాలు గుర్తుకు రాలేదు. ఇంకా చదవని పుస్తకాలే గుర్తుకొచ్చాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఎడమ పక్కకు తిరిగి పడుకుని చదువుతున్నాను. ఎడమ కన్ను దిండులోకి కూరుకుపోయింది. కుడి కంటి ముందు వాక్యం మధ్యలో వంగింది. అచ్చులో లోపమనుకున్నాను. పైనున్న వాక్యం కూడా సరిగ్గా అక్కడే వంగింది, ఒకటి రెండు అక్షరాలు మాయమయ్యాయి. పేజీ తిప్పితే కొత్త పేజీ కూడా అంతే. లేచి కూర్చుని రెండు కళ్ళతో చూశాను, అక్షరాలన్నీ బుద్ధిగా వరసలో ఉన్నాయి. అంటే ఎన్నాళ్ళ నుంచో నా ఎడమ కన్ను ఒక్కటే చదువుతోంది. కుడిది పక్కన ఊరికే కూర్చుంది. నాకు తెలియనే లేదు.

అమ్మకు చెప్పాను. కారణమేమిటో అమ్మకు వెంటనే తెలిసిపోయింది.

"నేను మొత్తుకుంటనే ఉన్న. పొద్దుమాపు గా పుస్తకాలల్ల మొకం పెట్టి కూసుంటవ్. కండ్లు ఏం కావాలె?"

నా పుస్తకాలన్నీ బీరువాలోకి వెళ్ళిపోయాయి. తాళంచెవి అమ్మ కొంగుకు చేరింది. బాపు మాత్రం, ముందు డాక్టరుకు చూపిద్దాం, తర్వాత ఎంత లొల్లి పెట్టుకుంటావో పెట్టుకో అని అమ్మతో అన్నాడు.

మా ఇంటికి దగ్గర్లోనే ఒక పెద్ద కంటి ఆసుపత్రి వాళ్ళ చిన్న సెంటర్ ఉంది. అక్కడ షుగర్ ఉన్నవాళ్ళందరికీ కళ్ళ లోపల ఫోటోలు తీస్తున్నారు. ఆ ఫోటోలు పెద్దాసుపత్రికి వెళతాయి. అక్కడ డాక్టర్లు చూస్తారు, ఒక కంప్యూటర్ కూడా చూస్తుంది. ఏ కంట్లో జబ్బు మొదలైందో కనిపెట్టడం దానికి నేర్పుతున్నారట. ఆ అధ్యయనంలో చేరతావా అని అడిగారు. ప్రతిసారీ రెండు కళ్ళకీ ఫోటోలు తీస్తామన్నారు. తల ఊపాను.

ఫోటోలు తీసేది సబీహా ఆపా, అంటే సబీహా అక్క. ఆమె గది బయట ఒక స్టూలు మీద తడి దూది గిన్నె ఉంటుంది. కాటుక పెట్టుకున్న ఆడవాళ్ళూ, సుర్మా పెట్టుకున్న మగవాళ్ళూ అది తుడుచుకుంటే తప్ప లోపలికి రానివ్వదు. పాతబస్తీలో ఈ పని చేయాలంటే కెమెరా కంటే ముందు దూది కావాలని ఆమె అంటుంది. లోపల చీకటిగా ఉంటుంది. గడ్డం ఒక పట్టీ మీద పెట్టాలి, నుదురు ఇంకో పట్టీకి ఆనించాలి. కెమెరా అద్దం కంటికి తగిలేంత దగ్గరికి వస్తుంది.

"హిల్నా నక్కో బేటా, కదలొద్దు. ఆ ఆకుపచ్చ చుక్కనే చూడాలె. అది నీకు కాబోయే మొగుడనుకో. కన్ను తిప్పినవంటే పెళ్ళి క్యాన్సిల్."

నేను సిగ్గుతో కదిలిపోయాను. ఆ ఫోటో పాడైంది. మళ్ళీ తీసింది. తళుక్కుమన్న వెలుగు తర్వాత లోకమంతా కాసేపు గులాబీ రంగులోకి మారింది.

తర్వాత ఇంకో మిషన్ మీద అడ్డంగా కోసినట్టు చూపించే బొమ్మ తీశారు. సెంటర్‌లో ఉండే డాక్టరమ్మ ఆ బొమ్మ తెర మీద పెట్టి చెప్పింది. మనం చదివేది రెటీనా నడిమధ్యన ఉన్న చిన్న చోటుతోనట. బాగున్న కంట్లో అక్కడ ఒక గుంట ఉంటుంది. నా ఎడమ కంట్లో ఆ గుంట చక్కగా ఉంది. కుడి కంట్లో గుంట ఉండాల్సిన చోట గుట్ట ఉంది. షుగర్ వల్ల రక్తనాళాలు కారి, నీరు చేరి ఉబ్బిందట. వాపు తగ్గడానికి కంట్లోకి సూది వేయాలి, నెలకొకటి చొప్పున కొన్ని. చూపు ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేనని, ఎడమది మాత్రం జాగ్రత్తగా కాపాడుకోవాలని అంది. చదవడం వల్ల ఇది రాదని, ఎంతైనా చదువుకోవచ్చని కూడా చెప్పింది. అమ్మ ఆ మాట వినలేదు. "కంట్లోకి సూది" దగ్గరే ఆగిపోయింది.

నేను మాత్రం తెర వైపే చూస్తున్నాను. భయపడాలని తెలుసు. కానీ ఇంత అందమైన బొమ్మ నా లోపలిదని ఎవరూ ముందే చెప్పలేదు. దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకోవచ్చా అని అడగడానికి నాకు ఎంతో ధైర్యం కావలసి వచ్చింది. సబీహా ఆపా నవ్వి, నీ కన్నే కదా, తీసుకో అంది.

ఫిబ్రవరి

సూది రోజున బాపు సెలవు పెట్టి వచ్చాడు. వేడి ఇంజిన్ల కింద దూరి పనిచేసే మనిషి, నర్సు నా కంట్లో చుక్కలు వేస్తుంటే చూడలేక చాయ్ తాగొస్తానని బయటికి వెళ్ళిపోయాడు. చాలాసేపు రాలేదు.

వెయిటింగ్ హాల్లో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. దబీర్‌పురా మనిషి, ఒకప్పుడు పెళ్ళి బ్యాండులో బాకా ఊదేవాడట. అక్కడ అందరూ ఆయన్ని చాచా అనే పిలుస్తారు. నేను మాటిమాటికీ సూది గది తలుపు వైపే చూడడం గమనించాడు.

"మొదటిసారా బేటీ?"

తల ఊపాను.

"నాకిది నాలుగోది. కంట్లో సూది అంటే పెండ్లాం తిట్టుడు లెక్కనే. మొదలు పెట్టేదాక భయం. మొదలైనంక, అరే గింతేనా అనిపిస్తది."

అమ్మ కూడా నవ్వింది. ఆ వారంలో అమ్మ నవ్వడం అదే మొదటిసారి.

చాచా చెప్పింది నిజమే. కన్ను మొద్దుబారింది. ఎవరో వేలితో నొక్కినట్టు అనిపించింది, అంతే. తర్వాత నీళ్ళలో సిరాచుక్క వేసినట్టు ఏదో కంటి ముందు సుడులు తిరిగింది. బయటికొచ్చి ఆ సిరా సుడుల గురించి చెబుతుంటే అమ్మ నన్ను వింతగా చూసింది.

"భయం లేదా నీకు? మంచిగ సినిమా చూసొచ్చినట్టు చెప్తున్నవ్."

భయం ఉంది. కానీ ఆ నెల నుంచి నాకు ఇంకేదో కూడా మొదలైంది. పుస్తకాలు బీరువాలో ఉన్నాయి కాబట్టి ఫోన్‌లో ఉన్న నా కళ్ళనే చదవడం మొదలుపెట్టాను. ఏ రక్తనాళం ఎక్కడ చీలుతుందో, ఏది వంకర తిరుగుతుందో చూసి డైరీలో గీసేదాన్ని. ఎడమ కంట్లో కింది వైపు ఒక నాళం పంగలకర్రలా రెండుగా విడిపోతుంది. కుడి కంట్లో అదే చోట మూడు పాయలు. బిళ్ళ కుడి కన్ను ఫోటోలో కుడి వైపు ఉంటుంది, ఎడమ కన్ను ఫోటోలో ఎడమ వైపు. అద్దంలో చూసుకున్నట్టు ఒకదానికొకటి ఎదురుబొదురు. దుకాణానికి పోయే షేర్ ఆటోలో కూడా అవే చూస్తూ కూర్చునేదాన్ని. పక్కన కూర్చున్నావిడ ఒకసారి అదేం పండు అని అడిగింది.

రంజాన్ నెల

రెండో సూది రంజాన్ నెలలో పడింది. సబీహా ఆపా ఉపవాసంతోనే పొద్దున్నించి ఫోటోలు తీస్తూ ఉండేది. గొంతు నీరసించినా పెళ్ళి క్యాన్సిల్ మాట మాత్రం మానలేదు. కుడి కంట్లో గుట్ట కొంచెం తగ్గిందన్నారు. వాక్యం ఇంకా వంగుతూనే ఉంది, కానీ ఇంతకు ముందు మాయమైన అక్షరాలు బూడిద రంగులోనైనా కనబడుతున్నాయి.

మూడోసారి వెళ్ళింది పండుగ అయిన మర్నాడు. హాలంతా కొత్త బట్టలు, అత్తరు వాసన. చాచా తెల్లటి కొత్త కుర్తాలో మెరిసిపోతున్నాడు. కళ్ళకు దట్టంగా సుర్మా. మా కోసం స్టీలు డబ్బాలో షీర్ ఖుర్మా తెచ్చాడు, పాలు, సేమ్యా, ఖర్జూరాలు. మూత తీయగానే నాకు నోరూరింది. చాచా డబ్బాను నా ముక్కు దగ్గరికి తెచ్చి, వెంటనే వెనక్కి తీసుకున్నాడు.

"మనిద్దరికి వాసన వరకే ఇజాజత్, బేటీ. తాగేది మీ అమ్మ."

అమ్మ మొహమాటపడుతూనే డబ్బా ఖాళీ చేసింది.

ఆ రోజు రద్దీ ఎక్కువ. దూది గిన్నె దగ్గర చాచా కళ్ళు తుడుచుకున్నాడు, అయినా పండుగ సుర్మా అంత తేలిగ్గా పోయేది కాదు. ఆయన తర్వాత నేను కూర్చున్నాను. ఫోటోలయ్యాయి, సూది అయింది. ఎప్పట్లాగే తెర మీది ఫోటోలు ఫోన్‌లోకి తీసుకుని ఇంటికొచ్చాను.

కొన్ని రోజులకు అమ్మ ఫోన్‌కు కాల్ వచ్చింది. ఎడమ కంట్లో కొత్త మచ్చ కనబడిందట. రక్తం చిమ్మి ఉండొచ్చట. కంప్యూటర్ కూడా దాని చుట్టూ గీత గీసిందట. ఆ వారంలోనే వచ్చి పెద్ద డాక్టరుకు చూపించుకోమన్నారు.

ఎడమ కంట్లో. చదివే కంట్లో.

అమ్మ ఈసారి తిట్టలేదు. ఆ సాయంత్రం బీరువా తాళం తీసి, నా పుస్తకాలన్నీ రెండు చేతులా పట్టుకొచ్చి నా మంచం మీద పెట్టింది.

"చదువుకో బిడ్డా. ఎన్ని చదువుతవో చదువుకో."

ఈ మొత్తం జబ్బులో నన్ను అన్నిటికంటే భయపెట్టింది అదే. అమ్మ పుస్తకాలు దాచినన్ని రోజులూ నా కళ్ళు బాగవుతాయన్న నమ్మకం ఆమెకు ఉండింది. ఇప్పుడు తెచ్చి ఇచ్చేసింది. ఒక్క పుస్తకం కూడా తెరవలేకపోయాను. బాపు వాకిట్లో కూర్చుని నాన్‌స్టాప్‌గా స్పానర్లు తుడుస్తున్నాడు. తుడిచినవే మళ్ళీ తుడుస్తున్నాడు.

దుకాణంలో

మర్నాడు పనికి వెళ్ళాను, ఇంట్లో ఉండలేక. మధ్యాహ్నం అందరూ తినడానికి వెళ్ళాక కాగితాల కట్టల మధ్య కూర్చుని ఫోన్ తీశాను. ఆ మచ్చను నా కళ్ళతో చూడాలనిపించింది. శత్రువు మొహమైనా తెలియాలి కదా.

ఎడమ కన్ను ఫోటో తెరిచాను. కింద పంగలకర్ర నాళం ఉంది. అంతా నాకు తెలిసిన చోటే. పైన, ఎడమ మూలకు దగ్గరగా, పొగచూరినట్టు ఒక మసక మచ్చ. ఇదివరకు లేదు. అయితే నిజమే. చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను.

తర్వాత ఊరికే వేలు జరిపితే కుడి కన్ను ఫోటో వచ్చింది. అక్కడ ఇదివరకే మచ్చలు ఎక్కువ, వాటిని లెక్కచేయడం మానేశాను. కానీ పైన, ఎడమ మూలకు దగ్గరగా, అదే మసక మచ్చ. అదే ఆకారం, కొంచెం సాగిన చింతగింజలా.

వేలు వెనక్కి జరిపాను, ముందుకు జరిపాను. బిళ్ళ ఎడమ నుంచి కుడికి దూకుతోంది. నాళాలు తిరగబడుతున్నాయి. రెండు కళ్ళూ అద్దంలో బొమ్మల్లా అటూ ఇటూ మారుతున్నాయి. ఆ మచ్చ ఒక్కటే కదలడం లేదు. ఎక్కడిదక్కడే కూర్చుంది.

జబ్బు నా కంట్లో ఉంటే కంటితో పాటు అది కూడా తిరగబడాలి. కదలనిది నా కంట్లోది కాదు. కాకపోవచ్చు. కాకపోతే బాగుండు. ఈ మూడూ ఒకేసారి అనుకున్నాను.

దుకాణం సేటు ఇంకా తినడం పూర్తి చేయలేదు. జీవితంలో మొదటిసారి, ఆయన తింటుంటే వెళ్ళి, నాకు ఇప్పుడే సెలవు కావాలన్నాను. ఆయన ముద్ద చేతిలో పట్టుకునే సరేనన్నాడు.

సెంటర్‌లో హాలు నిండా జనం. అందరి ముందూ సబీహా ఆపా గది తలుపు తట్టాలి. మామూలుగా అయితే నా వంతు వచ్చేదాకా సాయంత్రమైనా కూర్చునేదాన్ని. తలుపు తట్టాను. లోపలికి వెళ్ళి ఫోన్ చేతికిచ్చాను.

"ఇది చూడు ఆపా. ఇటు తిప్పు. ఇప్పుడు అటు. అన్నీ తిరుగుతున్నయ్, ఇదొక్కటే తిరుగుతలేదు."

ఆమె రెండుసార్లు జరిపి చూసింది. మొహంలో నవ్వు పోయింది. టార్చి తీసి కెమెరా అద్దం మీదికి ఏటవాలుగా వేసి, వంగి చూసింది. ఒక దూది ముక్క తీసుకుని మెల్లగా అద్ది నాకు చూపించింది. దూది మీద చిన్న నల్ల గుర్తు.

"సుర్మా" అంది. "చాచా పండుగ సుర్మా. ఆయన రెప్ప అద్దానికి తగిలింది. యా అల్లా, నేను గమనించనే లేదు. మర్నాడు పొద్దున అద్దం తుడిచిన, కానీ మూలకు కొంచెం మిగిలింది."

డాక్టరమ్మ వచ్చి అంతా వింది. పెద్దాసుపత్రిలో ఫోటోలు కావాలనే కలగలిపి, ఒక్కొక్కటిగా చూస్తారట, ఒక కన్ను చూసి ఇంకో కన్ను మీద ముందే అభిప్రాయం ఏర్పడకూడదని. అందుకే ఒక మనిషి రెండు కళ్ళ ఫోటోలనూ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడలేదు. కుడి కంట్లో అది పాత మచ్చల్లో కలిసిపోయింది. శుభ్రంగా ఉన్న ఎడమ కంట్లో పట్టుబడింది. కంప్యూటర్‌ను కూడా తప్పు పట్టలేం, సుర్మా అంటే ఏమిటో దానికి ఎవరూ చెప్పలేదు కదా అని నవ్వింది.

"కానీ ముందు ఫోటో తీద్దాం. ఇప్పుడే సంతోషపడకు" అని కూడా అంది.

గడ్డం పట్టీ మీద పెట్టాను. ఆకుపచ్చ చుక్కను చూశాను. ఆ ఒక్కసారి సబీహా ఆపా జోకు వేయలేదు. వెలుగు తళుక్కుమంది. ఫోటో తెర మీద పైనుంచి కిందికి మెల్లగా విచ్చుకుంది. పై ఎడమ మూల ముందే వచ్చింది. నారింజ రంగు. శుభ్రమైన, ఖాళీ నారింజ రంగు.

నాకు ఏడుపొచ్చింది. సబీహా ఆపా తన దుపట్టాతో నా మొహం తుడిచి, ఆ కన్నీళ్ళు కూడా అద్దానికి తగిలించకు తల్లీ అంది.

ఆ పండుగ మర్నాడు చాచా తర్వాత నుంచి ఆ రోజు దాకా కూర్చున్నవాళ్ళందరినీ మళ్ళీ పిలిచారు. వాళ్ళలో కొందరికి నాకు వచ్చినట్టే ఫోన్లు వచ్చాయట, వాళ్ళూ నాలాగే రాత్రులు గడిపారట. ఇప్పుడు అక్కడ ప్రతి మనిషి తర్వాతా అద్దం తుడుస్తున్నారు. చాచాకు విషయం తెలిసి ముందు చాలా బాధపడ్డాడు. తర్వాత తేరుకున్నాడు.

"నా జవానీల నా సుర్మా చూసి ఒక్క పిల్ల బెదరలే. ఇప్పుడు డాక్టర్లు, కంప్యూటర్ అందరు బెదిరిండ్రా?"

మే

డాక్టరమ్మ ఆ రోజే చెప్పింది, ఎడమ కన్ను ఇప్పుడు బాగుంది అంటే ఎప్పటికీ బాగుంటుందని కాదు. షుగర్ చూసుకోవాలి, ఫోటోలు తీయించుకుంటూ ఉండాలి. ఇది నా జీవితం మొత్తం పని. అది నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం అనుకున్నంత బరువుగా లేదు, ఎందుకంటే ఇప్పుడు వెళ్ళేటప్పుడు దడతో పాటు, కొత్త ఫోటోలో ఏముందో చూద్దామనే ఆత్రం కూడా ఉంటుంది.

పోయిన వారం కుడి కంటికి అడ్డకోత బొమ్మ మళ్ళీ తీశారు. అమ్మ హాల్లో కూర్చుంది. డాక్టరమ్మ తెర నా వైపు తిప్పి, ఏమీ చెప్పకుండా నన్నే చూడమంది. పొరలు పొరలుగా వచ్చే గీత ఎడమ నుంచి వచ్చి, మధ్యలో పోయినసారిలాగా పైకి పోలేదు. కిందికి దిగింది. కొంచెమే. గోటితో నొక్కినంత.

"గుంట వచ్చింది" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు, అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా లోపలికి పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందే? ఎక్కడ గుంట?"

నేను తెర మీద వేలు పెట్టి చూపించాను. ఇది కుడి కన్ను అమ్మా, ఇక్కడ గుట్ట ఉండె, ఇప్పుడు చూడు అని మొదలుపెట్టి, పొరలన్నీ ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోయాను. నేను అంతసేపు ఆపకుండా మాట్లాడడం అమ్మ ఎప్పుడూ వినలేదు. తలుపు దగ్గర ఇద్దరు పేషెంట్లు కూడా నిలబడి వింటున్నారని తర్వాత చూశాను. సిగ్గు వేసింది, కానీ ఆపలేదు.

అమ్మ తెరకు దగ్గరగా వంగి చూసింది.

"గింత చిన్నదా? దీనికోసమా గింత తిప్పల?"

"దీంతోనే చదువుతరమ్మా."

అమ్మ చాలాసేపు ఆ చిన్న పల్లం వంక చూసింది. వాపు ఇంకా పూర్తిగా పోలేదని, ఇంకో సూది అవసరమని డాక్టరమ్మ అంది. జనవరి నుంచి అన్ని ప్రశ్నలూ అమ్మే అడిగింది, నేను ఎప్పుడూ ఆమె భుజం వెనకే నిలబడ్డాను. ఈసారి అమ్మ నోరు తెరిచేలోపే నేను అడిగాను.

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటరు మేడమ్?"